భౌతికశాస్త్ర విద్యార్థికి ఏ గణితము? ఎంత గణితము?

దప్పికయైనప్పుడు బావి త్రవ్వుట అను సామెతను ఎఱుఁగనివారు మనలో లేరు. మా పాఠశాలలో పదవ తరగతి ముగించి, ఇంటర్మీడియెటున గణిత భౌతిక రసాయన శాస్త్రములను చదువఁబోవు పిల్లల విషయమున ఈ సామెత ఏఁటేఁట నిజమగుచున్నది. కళాశాల తెఱచిన కొలఁది వారములకే భౌతికశాస్త్రోపాధ్యాయుఁడు నల్లబల్లమీఁద స్థానమును కాలముతో అవకలించి వేగమును చూపును. అవకలనమన నేమో గణితోపాధ్యాయుఁడు చెప్పుటకు ఇంకను నెలలు పట్టును. ఈ నడుమ విద్యార్థి అర్థము కాని గుర్తులను అర్థమైనట్లు నటించుచు తన పుస్తకములోనికి ఎత్తి వ్రాసికొనుచుండును.

ఇది మా యూహ మాత్రము కాదు. నేఁడు దేశమున పెక్కుచోట్ల చదువఁబడుచున్న ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పదునొకండవ తరగతి పుస్తకములను రెంటిని ప్రక్కప్రక్కను పెట్టి చూడుఁడు. భౌతికశాస్త్రమున 2వ అధ్యాయమే సరళరేఖపై చలనము. అందు క్షణవేగమును నిర్వచించుటకు అవకలనము కావలెను. గణితమున అవధులును అవకలనములును 12వ అధ్యాయమున గాని రావు. భౌతికశాస్త్రమున 3వ అధ్యాయమునకే సదిశలు కావలెను. గణితమున సదిశలు మఱుసటి సంవత్సరపు పుస్తకమున 10వ అధ్యాయముగా నున్నవి. మాఱుచుండు బలము చేయు పనిని లెక్కించుటకు 5వ అధ్యాయమున సమాకలనము కావలెను. అదియు గణితమున మఱుసటి సంవత్సరపు పాఠమే. ఆ పుస్తకములను కూర్చినవారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. ఎవరి శాస్త్రమునకుఁ దగిన క్రమమును వారు పాటించిరి. భౌతికశాస్త్రమువారు కావలసిన గణితమును అక్కడక్కడ క్లుప్తముగా చెప్పియే యున్నారు. అయినను ఒక పుటలో చెప్పినది ఒక పిల్లవాని చేతికి అలవడుటకు ఒక పుట చాలదు.

దీనివలని నష్టము చిన్నది కాదు. దసరా సెలవులకో క్రిస్మసు సెలవులకో మమ్ము చూడవచ్చు పూర్వవిద్యార్థులలో ఒకరిద్దరైనను తలవంచుకొని, "మాస్టారూ, నాకు ఫిజిక్సు రాదు, గ్రూపు మార్చుకొంటిని" అని చెప్పని సంవత్సరము లేదు. వారు మందబుద్ధులు కారు. మా తరగతిలో అయస్కాంతముపై కాగితము పఱచి, ఇనుపరజను చల్లి, ఆ రేఖల సొగసు చూచి కన్నులు పెద్దవి చేసినవారు వారే. ఇంటిలో చెప్పువారు గలిగినవాఁడును, ప్రత్యేకపు శిక్షణకు సొమ్ము కట్టఁగలిగినవాఁడును ఈ గండమును ఎట్లో దాఁటుదురు. తన కుటుంబమున మొదటిసారి కళాశాల గడప త్రొక్కిన బిడ్డ మాత్రము, లోపము పాఠముల క్రమములో నున్నదని తెలియక, తన తలలోనే యున్నదని నమ్మును. ఒక బిడ్డ తన్ను గూర్చి అట్టి యబద్ధమును నమ్ముట మాకు సహింపరాని విషయము.

కాఁబట్టి పదవ తరగతి పరీక్షలు ముగిసిన పిమ్మట, కళాశాలలు తెఱచుటకు ముందు, వేసవిలో నాలుగు వారములు, వారమునకు ఆఱు దినములు, దినమునకు ఒక గంట చొప్పున, భౌతికశాస్త్రమునకు వలయు గణితమును మా పిల్లలకు నేర్పవలెనని మేము కోరుచున్నాము. మొత్తము 24 గంటలు. ఈ 24 గంటలలో ఏది చెప్పవలెను, ఏది మానవలెను అనునదియే ఈ వ్యాసమున విచారింపఁదలఁచిన విషయము.

ముందుగా మా తప్పును ఒప్పుకొందుము. గత వేసవిలో ఇట్టి తరగతిని మేమొకసారి నడపితిమి. పిల్లలకు ఎంత యెక్కువ చెప్పిన అంత మేలని తలఁచి, పందొమ్మిది విషయములను పట్టికగా వ్రాసి, పరుగుపరుగున అన్నిటిని ముగించితిమి. కడపటి దినమున ఒక బాలికను లేపి, x యొక్క 5వ ఘాతమును అవకలింపుమంటిమి. తడుముకొనక చెప్పినది. 'మేడమీఁదినుండి జాఱవిడిచిన రాయి ఒక సెకను గడచు క్షణమున ఎంత వేగముతో పోవుచుండును?' అని యడిగితిమి. ఆమె మౌనముగా నిలిచినది. రెండు ప్రశ్నలును ఒకటే యని ఆమెకు మేము నేర్పలేదు. ఆ మౌనము ఆమె లోపము కాదు. మా పట్టిక లోపము.

గొల్యాతుతో పోరఁబోవు దావీదునకు సౌలు తన కవచమును, శిరస్త్రాణమును తొడిగించిన సంగతి మన బాలబాలికలందఱకు తెలియును. అవి మంచి యాయుధములే, రాజునకు తగినవే. వాటితో నడువఁజాలనని దావీదు వాటిని తీసివేసి, వాఁగులోనుండి అయిదు నున్నని రాళ్లను ఏఱుకొనెను. గణితమంతయు మంచిదే. అయినను పదునాఱేండ్ల పిల్లవానికి మొదటి పోరాటమునకు కవచము వలదు. చేతికి అమరు రాళ్లు కావలెను.

ఏఱుకొనుట యనఁగా విడిచిపెట్టుటయే యని భౌతికశాస్త్ర చరిత్రమే మనకు బోధించుచున్నది. ఐర్లండు దేశీయుఁడైన హామిల్టన్ 1843లో క్వాటర్నియన్లు అను ఒక నూతన గణితమును కనిపెట్టెను. ఒక్కొక్క క్వాటర్నియనునందు నాలుగు భాగములుండును. 1873లో మాక్స్‌వెల్ ప్రకటించిన విద్యుదయస్కాంత గ్రంథమున ఆ భాష కొంత వాడఁబడినది. అమెరికాలో యేల్ కళాశాలయందు ఆచార్యుఁడైన జోసయా విల్లార్డ్ గిబ్స్ ఆ గ్రంథమును చదివి, ఆ నాలుగు భాగముల సముదాయము భౌతికశాస్త్రమునకు అక్కఱలేదనియు, రెండు లబ్ధములు, అనఁగా అదిశ లబ్ధమును సదిశ లబ్ధమును, వేఱువేఱుగా నున్నచో చాలుననియు గ్రహించెను. ఆయన 1881లో కొంతయు 1884లో మిగిలినదియు ఒక చిన్న పుస్తకముగా అచ్చు వేయించి తన శిష్యులకిచ్చెను. అది భౌతికశాస్త్ర విద్యార్థుల యుపయోగమునకై అమర్చఁబడినదని ఆ పుస్తకము పేరులోనే కలదు. సుందరమైన గణితమును ముక్కలు చేసెనని క్వాటర్నియన్ల పక్షపాతియైన టేట్ 1890లో ఆయనను తీవ్రముగా నిందించెను. కాని నేఁడు మన పిల్లలు చదువుచున్నది గిబ్స్ ఏఱిన రెండు లబ్ధములనే. ఒక ఉపాధ్యాయుఁడు తన యెదుటనున్న విద్యార్థులకై చేసిన యెన్నిక లోకమంతటి పద్ధతి యైనది.

మన తెలుఁగుదేశముననే మఱియొక నిదర్శనము కలదు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతము గారు కలకత్తాలో రామన్ గారివద్ద పనిచేసి, పిదప వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులైరి. స్ఫటికములలో అణువులు ఏయే విధములుగా కంపించునో, ఆ కంపనములలో ఏవి రామన్ వర్ణపటమున కనఁబడునో తెలియుటకు సౌష్ఠవమును లెక్కించు గణితము ఆయనకు కావలసి వచ్చెను. ఆ గణితమే సమూహ సిద్ధాంతము. ఆయనయు టి. వేంకటరాయుఁడు గారును కలసి ఆ సిద్ధాంతమును భౌతికసమస్యలకు వర్తింపఁజేయు గ్రంథమును వ్రాయఁగా, అది 1948లో వాల్తేరునుండి వెలువడినది. సమూహ సిద్ధాంతము మహాసముద్రము వంటిది. స్ఫటికము అడిగిన ప్రశ్నయే ఆ సముద్రమున ఎంత నీరు ముంచుకొనవలెనో నిర్ణయించినది.

పై తరగతులలోను ఇదే చిక్కు. భౌతికశాస్త్రజ్ఞులకు వలయు గణితపద్ధతులనుగూర్చి ఆర్ఫ్‌కెన్ వ్రాసిన పుస్తకము 1966లో మొదట వెలువడి, తరువాతి కూర్పులలో వేయి పుటలను మించినది. అదే సంవత్సరమున మేరీ బోస్ అను ఉపాధ్యాయురాలు ఇంచుమించు అదే విషయముపై విద్యార్థులకు సుగమమైన వేఱొక పుస్తకమును ప్రకటించినది. దేనిని పట్టినను ఒక సంవత్సరమున ఆసాంతము చెప్పుట కష్టము. ఎన్నుకొనుట తప్పదు. ఎన్నుకొనకుండ మొదటి పుటనుండి మొదలిడువాఁడు, కాలము ముగిసిన చోట పాఠమును ముగించును. వానికి బదులు గడియారమే యెన్నుకొనును.

ఇఁక మా అయిదు రాళ్లను చెప్పుదుము. ప్రతి విషయమును మేము మూఁడు ప్రశ్నలు అడిగితిమి. మొదటి సంవత్సరపు భౌతికశాస్త్రమున ఇది లేక కదలలేమా? పిల్లవాఁడు దీనిని తన చేతితో చేసి చూడఁగల ప్రయోగముగాని లెక్కగాని కలదా? కళాశాల గణితమున ఇది ఆలస్యముగా వచ్చునా, లేక వచ్చినను వేఱొక రూపమున వచ్చునా? ఈ మూఁటికిని ఔనని జవాబు చెప్పినవానినే తీసికొంటిమి.

మొదటిది పరిమాణములు, ప్రమాణములు, అనుపాతము. దీనికి 3 గంటలు. పది యొక్క ఘాతములు, ఉజ్జాయింపు లెక్కలు, ఒకటి పెరిగిన వేఱొకటి ఏ లెక్కన పెరుగును అను విచారము ఇందులో చేరును. దారమునకు రాయి కట్టి 25 సెంటీమీటర్ల పొడవున ఊఁపిన, ఒకసారి పోయి వచ్చుటకు ఇంచుమించు ఒక సెకను పట్టును. పొడవును నాలుగింతలు చేసి ఒక మీటరు చేసిన, కాలము రెండింతలు మాత్రమే యగును. వర్గమూలమనునది పుస్తకములోని గుర్తు కాదనియు, ఊఁగుచున్న రాతిలో నున్నదనియు పిల్లవాఁడు ఆ దినమున తెలిసికొనును.

రెండవది త్రిభుజము. దీనికి 4 గంటలు. సైను, కొసైనులు వారికి కొంత తెలిసినవే; రేడియను కొలఁతయు, చిన్న కోణముల స్వభావమును క్రొత్తవి. 5 డిగ్రీల కోణమునకు రేడియను కొలఁత 0.0873, సైను 0.0872. రెంటికిని భేదము లేనట్లే. 60 డిగ్రీలకు ఆ సంఖ్యలు 1.047, 0.866, ఇచ్చట భేదము స్పష్టము. లోలకపు సూత్రము చిన్న ఊఁపులకే ఏల సరిపడునో ఈ నాలుగు సంఖ్యలు చెప్పివేయును. ఏది ఎంతవఱకు నిజము అని యడుగు నలవాటు భౌతికశాస్త్రమునకు ప్రాణము. అది ఇచ్చటనే అలవడవలెను.

మూఁడవది సదిశలు. దీనికి 5 గంటలు. కూడుట, రెండు లంబదిశలలోనికి విడఁదీయుట, అదిశ లబ్ధము, ఇంతే. గోదావరిలో పడవవాఁడు అవతలి గట్టునకు ఎదురుగా గంటకు 4 కిలోమీటర్ల చొప్పున పడవ నడపుచుండఁగా, ప్రవాహము గంటకు 3 కిలోమీటర్ల చొప్పున దానిని ప్రక్కకు ఈడ్చినయెడల, గట్టున నిలుచున్నవానికి పడవ గంటకు 5 కిలోమీటర్ల చొప్పున ఏటవాలుగా పోవుచున్నట్లు కనఁబడును. నాలుగును మూఁడును కూడిన ఏడు కాక అయిదగుట చూచి పిల్లలు నవ్వుదురు. ఆ నవ్వులోనే సదిశ యననేమో వారికి పట్టుపడును. సదిశ లబ్ధము తిరుగు వస్తువులతో వచ్చును. అప్పటికి కళాశాల ఉపాధ్యాయులు చూచుకొందురు.

నాలుగవది మార్పు యొక్క రేటు. దీనికే అన్నిటికంటె ఎక్కువగా 6 గంటలు. పడుచున్న రాయి t సెకనులలో 4.9 t² మీటర్లు పడును. మొదటి సెకను ముగిసిన క్షణమున దాని వేగ మెంత? ఆ క్షణమునుండి 0.1 సెకనువఱకు సగటు వేగము కట్టిన, సెకనుకు 10.29 మీటర్లు. 0.01 సెకనువఱకు కట్టిన, 9.849. 0.001 సెకనువఱకు కట్టిన, 9.8049. పిల్లవాఁడు తానే లెక్కకట్టి, ఈ సంఖ్యలు ఎచ్చటికి పోవుచున్నవో తానే చెప్పవలెను. 9.8 అని వాని నోటినుండి వచ్చిన పిమ్మటనే అవకలనమను పేరు మేము చెప్పుదుము. తరువాత ఘాతములకును సైను కొసైనులకును మాత్రము సూత్రములు చెప్పి, గ్రాఫుపై వాలును గీయించి, అచ్చటితో ఆఁపుదుము. గత సంవత్సరము మేము సూత్రముతో మొదలిడితిమి. అదియే ఆ బాలిక మౌనమునకు కారణము.

అయిదవది కూడిక, అనఁగా సమాకలనమునకు మొదటి మెట్టు. దీనికి 4 గంటలు. 10 మీటర్ల లోఁతు బావినుండి నీటితోఁ గూడి 10 కిలోగ్రాములు తూఁగు చేదను పైకి తోడుటకు 980 జౌళ్ల పని కావలెను. మఱి చేఁతాటి మాట యేమి? మీటరుకు 0.2 కిలోగ్రాము తూఁగు త్రాడైనచో, మొదట 2 కిలోగ్రాముల బరువు వ్రేలాడును. చేద పైకి వచ్చుకొలఁది అది తగ్గిపోయి కడపట సున్న యగును. బరువు మాఱుచుండఁగా గుణించుట యెట్లు? లోఁతును బరువును గ్రాఫుగా గీసిన, ఒక త్రిభుజ మేర్పడును. దాని వైశాల్యము 98 జౌళ్లు. మొత్తము 1078. బావినీరు తోడి యెఱిఁగిన బిడ్డకు ఈ లెక్క పుస్తకపు లెక్కగా తోఁపదు.

ఇవి 22 గంటలు. మిగిలిన రెండు గంటలను మఱల చూచుకొనుటకు వదలితిమి. శాంకవములు, నిర్ధారకములు, ప్రస్తారసంయోగములు, సంకీర్ణ సంఖ్యలు, చిక్కుముడుల వంటి త్రికోణమితి సమీకరణములు, ఇవన్నియు మానితిమి. ఇవి తక్కువవి కావు. వీనిని గణితోపాధ్యాయులు తమ కాలమున మాకంటె చక్కగా చెప్పఁగలరు. మేము మనసార చేర్చఁగోరియు మానుకొన్నది ఒకటి కలదు. పాలు చల్లారుటయందును, రేడియోధార్మిక పదార్థము క్షీణించుటయందును కానవచ్చు ఘాతాంకపు తఱుగుదల అది. దాని సొగసు మాకు మిక్కిలి ప్రీతి. కాని దాని యక్కఱ ముఖ్యముగా రెండవ సంవత్సరమున కలుగును. ఉపాధ్యాయుని ప్రీతి విద్యార్థి యవసరమునకు లోఁబడవలెను.

మా పద్ధతికి ఆక్షేపణలు కలవు. గణితము బోధించు మా సహోపాధ్యాయులొకరు, "అవధిని సరిగా నిర్వచింపక అవకలనమును చెప్పుట పునాది లేక గోడ కట్టుట కాదా?" అని యడిగిరి. గౌరవింపఁదగిన ప్రశ్న. మా జవాబిది. లైబ్నిట్జ్ అవకలనమును 1684లో ప్రకటించెను. కోషీ దానికి అవధియను పునాదిని గట్టిపఱచు గ్రంథమును 1821లో ప్రకటించెను. నడుమ 137 సంవత్సరములు లోకము ఆ పనిముట్టును వాడుచునే యుండెను. వాడుటచేతనే పునాది యక్కఱ తెలిసినది. పిల్లవానికి మేము 'ఇది నిరూపణము కాదు. నిరూపణము ముందు వచ్చును. ఇప్పుడు సంఖ్యలు చెప్పుదానిని చూడుము' అని నిజము చెప్పుదుము. నిరూపింపనిదానిని నిరూపించితిమని చెప్పుటయే మోసము. నిరూపింపలేదని ఒప్పుకొనుట మోసము కాదు.

తల్లిదండ్రులు కొందఱు, "ఆ నాలుగు వారములలో ప్రవేశపరీక్షల ప్రశ్నలను వల్లింపఁజేసిన మేలు కదా" అని చెప్పుచున్నారు. వారి యాత్రము మాకు తెలియును. అయినను ప్రశ్నలు ఏఁటేఁట మాఱును. వాలును చూచు కన్ను మాఱదు. వల్లించినవాఁడు తెలిసిన ప్రశ్నకే జవాబు చెప్పఁగలఁడు. చూచినవాఁడు తెలియని ప్రశ్నను గూడ సమీపింపఁగలఁడు.

మైకేలు ఫారడే కమ్మరివాని కుమారుఁడు, భక్తిపరుఁడు, ఉన్నత గణితము చదువనివాఁడు. అయస్కాంతపు బలరేఖలను మనసున చూచి చెప్పినవాఁడు ఆయనయే. వానిని గణితముగా వ్రాసినవాఁడు మాక్స్‌వెల్. 1857లో ఫారడే మాక్స్‌వెల్‌నకు వ్రాసిన జాబులో, గణితజ్ఞులు తమ ఫలితములను సామాన్యభాషలో గూడ చెప్పరాదా యని వేఁడుకొనెను. ఆ కోరికను మేము మా తరగతికి నియమముగా చేసికొంటిమి. నల్లబల్లపై వ్రాసిన ప్రతి సమీకరణమును ఒక బిడ్డ లేచి తెలుఁగున చెప్పవలెను. చెప్పలేనియెడల ఆ సమీకరణము ఇంకను వ్రాయఁబడలేదని యెంచి మొదటినుండి మొదలిడుదుము.

కాఁబట్టి మిషను పెద్దలను మేము వేఁడునది ఇంతే: వేసవిలో ఉదయమున చల్లని వేళ ఒక గదియు, ఒక నల్లబల్లయు. తల్లిదండ్రులను వేఁడునది: పొలము పనికిగాని చుట్టముల యింటికిగాని పంపుటకు ముందు ఈ నాలుగు వారములను బిడ్డకు విడిచిపెట్టుఁడు, ఆడపిల్లలను గూడ తప్పక పంపుఁడు. ప్రియ విద్యార్థులారా, మిమ్ము వేఁడునది: ఒక వ్రాఁతపుస్తకము, కొంత దారము, ఒక రాయి తీసికొని రండు. గత వేసవిలో మౌనముగా నిలిచిన ఆ బాలిక ఇప్పుడు కళాశాలలో భౌతికశాస్త్రమే చదువుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు మా యొద్ద కూర్చుండి రాతి లెక్కను తానే కట్టి, జవాబును తెలుఁగున చెప్పినది. మేము తడవుగా నేర్చిన పాఠమును మీకు ముందుగా నేర్పుటకు ప్రభువు మాకు తోడ్పడును గాక.